వ్యాగన్ ఆర్ బ్రేక్ ఆయిల్ మార్పు: డాట్ 3 నుంచి డాట్ 4కి

డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు, తేడా ఏంటో దశ 2లో ఉంది. బండి 2011 వ్యాగన్ ఆర్, పెట్రోలు, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) లేని రకం. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఉండేది నెల్లూరులో. సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో తేమకి కొదవ లేదు.

సమస్య ఇది. నలుగురం, సామాను, తిరుమల నుంచి దిగుతున్నాం. అలిపిరి దగ్గరపడుతున్నకొద్దీ బ్రేక్ పెడల్ మెత్తబడింది. రెండుసార్లు గబగబా తొక్కితే గానీ బ్రేకు అందలేదు. పక్కకి తీసి అరగంట చల్లారనిస్తే పెడల్ మళ్లీ మామూలుగా పైకొచ్చింది. ఊరికొచ్చాక వెతికితే ఎక్కడా లీకు లేదు, ఆయిల్ మట్టం తగ్గలేదు, ప్యాడ్లు సగానికి పైగానే ఉన్నాయి.

ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే "బ్రేకులు వేడెక్కాయి" అనేసి ఊరుకుంటాం. నిజానికి అవి రెండు వేరువేరు జబ్బులు. ప్యాడ్లు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు, కాలిన వాసన కొడుతుంది. ఆయిల్ మరిగితే పెడలే కిందికి జారిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, అలా చేరిన నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవాన్ని తొక్కితే ఆ ఒత్తిడి చక్రం దాకా పోతుంది, ఆవిరిని తొక్కితే ఆవిరే నలుగుతుంది. చల్లారగానే అది మళ్లీ నీరైపోతుంది కనుక గ్యారేజీకి తీసుకెళ్లేసరికి బండి బుద్ధిగా ఉంటుంది. మాది ఈ రెండో జబ్బే.

వేడి ఎంతో ఒక లెక్క వేశాను. మనుషులతో కలిపి బండి బరువు దాదాపు 1,200 కిలోలు. దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. రెండూ గుణించి, భూమ్యాకర్షణ అంకె 9.8తో హెచ్చిస్తే 82 లక్షల జౌళ్లు (జౌల్ అంటే శక్తి కొలత). ఇంట్లో కుళాయి నీళ్లు 28 లీటర్లు మరిగే దాకా తేవడానికి పట్టే వేడి అది. ఇంజను, టైర్లు, గాలి కొంత పంచుకుంటాయి. న్యూట్రల్‌లో దిగితే ఇంజను వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. దిగే దారి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, అంతకు కొన్ని నెలల ముందే ఒక వర్క్‌షాప్‌లో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు బిల్లు ఉంది. కొత్త ఆయిల్ అయితే ఆ దారిలో మరగకూడదు. అందుకని ఆయిల్ కొనడం పక్కన పెట్టి, బండిలో ఏముందో కొలవడంతో మొదలుపెట్టాను.

దశ 1: కొలత

కొన్నవి:

1. పెన్ను ఆకారంలో ఉండే తేమ టెస్టర్, రూ. 320
2. 1 మి.లీ., 50 మి.లీ. సిరంజీలు మందుల షాపులో, రూ. 40
3. చేపల తొట్టెకి వాడే పారదర్శకమైన పైపు, మీటరు, రూ. 30
4. సీలున్న డాట్ 4 ఆయిల్ 500 మి.లీ., రూ. 290
5. సీలున్న డాట్ 3 ఆయిల్ 250 మి.లీ., రూ. 110 (పోల్చి చూడటానికి మాత్రమే)

ఈ పెన్ను నిజానికి నీటిని కొలవదు. ఆయిల్లో కరెంటు ఎంత పారుతోందో చూసి, దాన్నిబట్టి నీటి శాతం ఊహించి దీపం వెలిగిస్తుంది. ఆయిల్ రకం మారితే, కంపెనీ మారితే ఆ ఊహ తప్పొచ్చు. కాబట్టి ముందు పెన్నుకే పరీక్ష పెట్టాను. బంగారం తూచే చిన్న కాటాలో 20 గ్రాముల చొప్పున కొత్త డాట్ 4 ఆయిల్ గాజు సీసాల్లో పోసి, 1 మి.లీ. సిరంజీతో నీళ్లు కలిపాను.

- నీళ్లు లేకుండా: పచ్చ దీపం
- 0.2 మి.లీ. (దాదాపు 1 శాతం): పచ్చే
- 0.4 మి.లీ. (దాదాపు 2 శాతం): ఒక పసుపు
- 0.6 మి.లీ. (దాదాపు 3 శాతం): రెండు పసుపులు
- 0.8 మి.లీ. (దాదాపు 3.8 శాతం): మొదటి ఎరుపు

పెన్ను మీద ముద్రించిన దాని ప్రకారం మొదటి ఎరుపు అంటే 3 శాతం. అంటే ఈ ఆయిల్‌కి ఇది ఒక మెట్టు తక్కువ చూపిస్తోంది. సీలు అప్పుడే తీసిన డాట్ 3లో ముంచితే మాత్రం ఏకంగా పసుపు వెలిగింది! ఈ పెన్ను పట్టుకుని "మీ ఆయిల్ పాడైంది" అని ఎవరైనా చెబితే, అదే రకం కొత్త ఆయిల్లో ముంచి చూపించమని అడగండి. నేను దీన్ని పోల్చడానికే వాడాను, తీర్పు చెప్పడానికి కాదు.

తర్వాత బండి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే భాగం) పైన ఉండే తెల్ల డబ్బాలో ముంచితే ఒక పసుపు. ఆయిల్ చూడటానికి లేత తేనె రంగులో శుభ్రంగా ఉంది. ఇక్కడితో ఆపేస్తే "ఇంకో ఏడాది వాడుకోవచ్చు" అనేవాళ్లే ఎక్కువ.

కుడి ముందు చక్రం ఊడదీసి, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మీది నిప్పల్‌కి, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న మరకి, పైపు తగిలించి, కాస్త వదులు చేసి మొదటి 10 మి.లీ. విడిగా పట్టాను. కాఫీ డికాషన్ రంగు. అడుగున నల్లటి నలుసులు, రబ్బరు పొడి అయి ఉండాలి. పెన్ను మొదటి ఎరుపు. కుడి వెనక డ్రమ్ము నుంచి తీసింది ఇంకా నల్లగా ఉంది, రెండో ఎరుపు కూడా వెలిగింది.

బిల్లులో ఉన్న "మార్పు" సంగతి అప్పుడు అర్థమైంది. పై డబ్బాలో ఉన్నంత లాగేసి కొత్తది నింపారు. పైపుల్లో, క్యాలిపర్లలో ఉన్నది ఏళ్లనాటిదే. బ్రేక్ ఆయిల్ ఇంజను ఆయిల్ లాగా తిరుగుతూ ఉండదు. తొక్కినప్పుడు కొద్దిగా ముందుకి జరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, అంతే. పైన పోసిన కొత్తది కింది దాకా తనంతట తాను దిగదు. వేడి తగిలేదేమో కిందే.

పెన్ను మాట ఒక్కటీ నమ్మకుండా, ఆయిల్‌ని నిజంగా మరిగించి డిగ్రీలు చూపే యంత్రం ఉన్న ఇంకో వర్క్‌షాప్‌కి నమూనాలు పట్టుకెళ్లాను. రూ. 100 తీసుకున్నారు.

- పై డబ్బాలోది: 172 డిగ్రీలు
- కుడి ముందు క్యాలిపర్‌ది: 139 డిగ్రీలు
- కొత్త డాట్ 4: 248 డిగ్రీలు

ఈ మరిగించే పరీక్ష ఇంట్లో గిన్నెలో చేయకండి. ఆవిరి మంచిది కాదు, మంట అంటుకునే సరుకు.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 890. డాట్ 4 వాడింది: 95 మి.లీ.

దశ 2: ఏ ఆయిల్?

మా బండి డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంది. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పెట్టిన ప్రమాణం. ఒక్కో రకం కనీసం ఎన్ని డిగ్రీల దాకా మరగకుండా ఉండాలో అందులో ఉంటుంది. మొదటి అంకె కొత్త ఆయిల్‌ది, రెండోది 3.7 శాతం నీరు చేరాక:

- డాట్ 3: 205, 140
- డాట్ 4: 230, 155
- డాట్ 5.1: 260, 180
- డాట్ 5: 260, 180

సీసా మీద పెద్ద అక్షరాలతో వేసేది మొదటి అంకె. మన బండిలో ఎక్కువ కాలం ఉండేది రెండో అంకెకి దగ్గరగా. నా క్యాలిపర్‌లో వచ్చిన 139ని డాట్ 3 రెండో అంకె పక్కన పెట్టి చూడండి, సరిగ్గా అక్కడే ఉంది. ఆయిల్ నాసిరకమేమీ కాదు, ముసలిదైపోయింది.

డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ ఈథర్ జాతివి. ఒకదాన్లో ఒకటి కలుస్తాయి, అవే రబ్బర్లకి సరిపోతాయి. కాబట్టి డాట్ 3 అడిగే బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 4 అడిగే బండిలో డాట్ 3 పోయకూడదు, మరిగే స్థాయి తగ్గిపోతుంది.

డాట్ 5 సంగతి వేరు. అది సిలికాన్. పేరులో 5 ఉందని 5.1కి అన్న అనుకుంటారు, చుట్టరికమే లేదు. గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు. నీటిని తనలో కలుపుకోదు కనుక, చేరిన నీరు విడిగా పల్లంలో, అంటే క్యాలిపర్ అడుగున, చుక్కలుగా నిలుస్తుంది. ఆ చుక్క 100 డిగ్రీలకే మరుగుతుంది, ఉన్నచోట తుప్పు పట్టిస్తుంది. ఊదా రంగులో ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలికే. మనం వాడే కార్లకి అక్కర్లేదు.

డాట్ 5.1 పోద్దామా అని కొంత ఊగాను. రెండో అంకె 180 ఉంది, ఘాట్‌కి మంచిదే. వద్దనుకోవడానికి కారణం ధర. మా దగ్గర దొరికే చోట డాట్ 4కి రెట్టింపు పైన పడుతోంది, అదీ చెప్పి తెప్పించుకోవాలి. ఆ డబ్బుతో డాట్ 4 రెండుసార్లు మార్చుకోవచ్చు. నా లెక్కలో, ఆరేళ్లు వదిలేసిన 5.1 కంటే రెండేళ్లకోసారి తప్పకుండా మార్చే డాట్ 4 మేలు. ఇక 5.1 పల్చగా ఉండటం అనే గుణం మైనస్ 40 డిగ్రీల చలిలో ఏబీఎస్, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) కవాటాలు చురుగ్గా ఆడటానికి పెట్టింది. నెల్లూరు ఎండకి, ఏబీఎస్ లేని బండికి దానితో పని లేదు. మీ బండికి ఈఎస్‌పీ ఉండి, మాన్యువల్లో పల్చటి రకం డాట్ 4 అనో, క్లాస్ 6 అనో రాసి ఉంటే మాత్రం అదే పోయండి. అక్కడ మామూలు డాట్ 4తో సర్దుకోకండి.

కొనేటప్పుడు చూసినవి:

1. మూత కింద సీలు. ఒక షాపులో లీటరు డబ్బా తెరిచి ఉంది, "ఎంత కావాలంటే అంత పోస్తాం" అన్నారు. పెన్ను ముంచి చూస్తే ఒక పసుపు. అది అప్పటికే నీళ్లు తాగింది.
2. తయారీ తేదీ.
3. చిన్న సీసా. లీటరు కంటే రెండు అర లీటర్లు మేలు, రెండోది అవసరం పడేదాకా సీలు తీయక్కర్లేదు.

రెండో అర లీటరు డాట్ 4, రూ. 290.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 1,180.

దశ 3: మొండికేసిన నిప్పల్

పని మొదలెట్టే ముందే నాలుగు నిప్పల్స్ వదులవుతున్నాయో లేదో చూసుకోండి. ముందువి 10 నంబరు, వెనకవి 8 నంబరు. మూడు వచ్చాయి. ఎడమ వెనకది కదల్లేదు.

చేసిన ప్రయత్నాలు, వరసగా:

1. తుప్పు వదిలించే స్ప్రే (రూ. 190) కొట్టి రాత్రంతా వదిలేశాను. ఫలితం లేదు.
2. నిప్పల్ తల మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టి, ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పి, తర్వాత వదులు చేసే వైపు. కదల్లేదు.
3. ఆరు మూలల సాకెట్‌తో. మూలలు అరగడం మొదలైంది. అక్కడితో ఆపాను. ఇంకా బలం పెడితే నిప్పల్ వీల్ సిలిండర్లోనే (డ్రమ్ము లోపల బ్రేకు షూలని డ్రమ్ముకి నెట్టే భాగం) విరుగుతుంది.

మా వీధి చివర ముప్పై ఏళ్లుగా బ్రేకుల పనే చేస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడు. వచ్చి ఒక్కసారి చూసి, "నిప్పల్‌ని వదిలేయండి సార్, సిలిండరే మార్చండి. దాని మీద పెట్టే టైముకి కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు. వీల్ సిలిండర్ రూ. 520. డ్రమ్ము ఎటూ తీయాలి కనుక పనిలో పని.

అక్కడ ఇంకో ముడి. సిలిండర్‌కి వచ్చే ఇనప పైపు చివర నట్టు, పైపుకే అతుక్కుపోయింది. మామూలు పానాతో తిప్పితే నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతోంది. ఇంకో అర చుట్టు తిప్పితే పైపు తెగేది. చీలిక ఉన్న రింగు పానా, ఫ్లేర్ నట్ పానా అంటారు, కొనాల్సి వచ్చింది, రూ. 250. ఇది నట్టుని ఐదు ముఖాల మీద పట్టుకుంటుంది. స్ప్రే కొట్టి, ఒక కొస ముందుకి, ఒక కొస వెనక్కి, అలా ఆడించుకుంటూ పోతే నట్టు పైపు మీద విడిగా తిరగడం మొదలైంది. ఓపికే ఇక్కడ పనిముట్టు.

స్ప్రే గురించి ఒక మాట. బయటి మరల మీద మాత్రమే కొట్టాలి. సిలిండర్ లోపల ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులకి, ఆయిల్ పోయే దారిలోకి తగలనివ్వకూడదు. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ డబ్బా, రూ. 280.

పాత సిలిండర్ విప్పితే లోపల గోడ మీద కప్పు నిలిచే చోట గోధుమ రంగు వలయం, గోటికి తగిలే గుంటలు. నీరు చేసిన పని. కప్పులు మాత్రం బాగానే ఉన్నాయి, పారేయకుండా దాచాను. ఎందుకో దశ 5లో.

ఖర్చు ఇప్పటిదాకా: 1,180 + 190 + 520 + 250 + 280 = రూ. 2,420.

దశ 4: పాతది తోయడం, కొత్తది నింపడం

చక్రాలు తీసి చేసే పని కాబట్టి బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. ఏబీఎస్ ఉన్న బండి అయితే ముందు మాన్యువల్ చూడండి, కొన్నింటిలో స్కానర్‌తో పంపు తిప్పితే గానీ లోపలి ఆయిల్ మారదు.

క్రమం మాన్యువల్లో ఉన్నట్టే: మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రం, ఆ వెంటనే అదే లైన్లో ఉన్న ముందు చక్రం. లైన్లు ఐమూలగా ఉంటాయి. అంటే మా బండికి ఎడమ వెనక, కుడి ముందు, కుడి వెనక, ఎడమ ముందు.

మొదట ఒక్కడినే చేద్దామని 50 మి.లీ. సిరంజీతో నిప్పల్ దగ్గర లాగి చూశాను. పైపులో బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. లైన్లో అంత గాలి ఉండే అవకాశం లేదు. నిప్పల్ వదులు చేయగానే దాని మరల చుట్టూ బయటి గాలి లోపలికి పీల్చుకుంటోంది. దీనితో గాలి ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఆ పద్ధతి మానేసి పాత పద్ధతికే వచ్చాను, పెడల్ దగ్గర మా బావమరిది, చక్రం దగ్గర నేను.

1. పై డబ్బాలోని పాత ఆయిల్ సిరంజీతో లాగి, అడుగున ఉన్న మడ్డి దారాలు రాలని గుడ్డతో తుడిచి, కొత్తది నింపాలి.
2. పెడల్ కింద చెక్క ముక్క పెట్టాలి. పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది, ఆ అవతల తుప్పు ఉండొచ్చు. పెడల్‌ని నేలకంటా తొక్కితే కప్పు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది.
3. నిప్పల్‌కి పైపు తగిలించి, రెండో కొస సీసాలో ఆయిల్ మట్టం కింద ముంచాలి.
4. పెడల్ తొక్కి పట్టాలి, నిప్పల్ పావు చుట్టు వదులు చేయాలి, ఆయిల్ పోగానే బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి.
5. ప్రతి ఐదారు తొక్కులకి పై డబ్బా చూసి నింపాలి. అది ఖాళీ అయితే గాలి లోపలికి పోయి పని మళ్లీ మొదటికి.

"తొక్కి పట్టుకున్నా బావా" అని వాడు, "వదలకు... ఆఁ, వదులు" అని నేను. మాట అటూ ఇటూ అయితే గాలి వెనక్కి లాగేస్తుంది కాబట్టి మొదలెట్టే ముందే మాటలు అనుకోండి. వదులు అంటే పెడల్ వదలమనా, నిప్పల్ వదులైందనా అన్న అయోమయం మాకు మొదటి చక్రం దగ్గరే వచ్చింది. నిప్పల్‌కి "తెరిచా, మూశా" అని మార్చుకున్నాం.

ఎంత పట్టిందంటే:

- పై డబ్బా: 120 మి.లీ. (మొత్తం 215)
- ఎడమ వెనక, కొత్త సిలిండర్‌తో: 200 (415)
- కుడి ముందు: 150 (565)
- కుడి వెనక: 180 (745)
- ఎడమ ముందు: 120 (865)

రంగు మారగానే ఆపేయలేదు. ప్రతి చక్రం దగ్గరా చివరి 10 మి.లీ.లో పెన్ను ముంచి పచ్చ వచ్చాకే బిగించాను. కుడి వెనక దగ్గర రంగు తేటపడ్డాక కూడా పసుపు వెలిగింది, అందుకే అక్కడ ఎక్కువ పట్టింది.

పని అయ్యాక పెడల్ కిందకి ఉంది. ఎడమ వెనక గాలి మిగిలిందనుకుని ఇంకో 100 మి.లీ. పోనిచ్చాం (965). ఒక్క బుడగ రాలేదు, పెడల్ అలాగే ఉంది. అప్పుడు మెకానిక్ చెప్పిన తేడా ఇది: పెడల్ స్పంజిలా నలుగుతుంటే గాలి. కిందికి దిగినా చివర గట్టిగా తగులుతూ, రెండోసారి తొక్కితే పైకి వస్తుంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువని. డ్రమ్ము విప్పి బిగించాం కదా, ఆ ఖాళీని సరిచేసే అడ్జస్టర్ వెనక్కి పోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగి వదులుతూ ఉంటే లోపల టిక్కుటిక్కుమని పళ్లు ఎక్కే చప్పుడు వినిపించింది, ఆ చప్పుడు ఆగేసరికి పెడల్ తన ఎత్తుకి వచ్చింది. వెనక సిలిండర్ మార్చినవాళ్లు ముందు ఇది చేసి, ఆ తర్వాతే గాలి కోసం వెతకండి, 100 మి.లీ. మిగులుతుంది.

చిందిన ఆయిల్ బంపర్ మూల పడింది. వెంటనే నీళ్లతో కడిగాం, రంగు నిలిచింది. తుడిచి వదిలేస్తే పెయింట్ ఉబ్బి ఊడిపోతుంది. నేల మీద పడినదాని మీద మాత్రం బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. క్లోరిన్ పొడీ గ్లైకాల్ ఆయిలూ కలిస్తే కాసేపటికి దానంతటదే మంట లేవగలదు. ఇసుక చల్లి ఎత్తి, నీళ్లతో కడగడమే. తీసిన పాత ఆయిల్‌ని ఇంజను ఆయిల్ డబ్బాలో కలపకుండా వేరే సీసాలో పేరు రాసి గ్యారేజీకి ఇచ్చాను.

నిప్పల్స్ మీదకి కొత్త రబ్బరు టోపీలు నాలుగు, రూ. 40. అవి లేకే ఎడమ వెనకది తుప్పు పట్టింది.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 2,460. డాట్ 4: 965 మి.లీ. వాడకం, 35 మి.లీ. మిగులు. ఆ మిగులు దాచలేదు, తెరిచిన సీసా మళ్లీ అవసరమయ్యేలోపు తేమ పీల్చుకుంటుంది.

దశ 5: రెండు కప్పుల పరీక్ష

"అత్యవసరమైతే ఇంజను ఆయిల్ పోసి ఇంటిదాకా వచ్చేయొచ్చు" అనే సలహా నేను చాలా చోట్ల విన్నాను. పాత సిలిండర్ కప్పులు రెండూ ఒకే కొలత, వెర్నియర్ మీద అడ్డం 18.4 మి.మీ. ఒకటి డాట్ 4లో, ఒకటి కొత్త ఇంజను ఆయిల్లో వేసి నీడలో పెట్టాను.

వారం తర్వాత:

- డాట్ 4లోది: 18.5 మి.మీ., గట్టితనం అదే
- ఇంజను ఆయిల్లోది: 21.6 మి.మీ., వేళ్ల మధ్య నొక్కితే జున్నులా మెత్తగా, అంచు వంకర

రెండోదాన్ని సిలిండర్లోకి తోయబోతే దూరనే లేదు. బండిలో ఉండగా ఇలా ఉబ్బితే బ్రేకు పట్టేసి వదలదు. మాస్టర్ సిలిండర్లో ఆయిల్ వెనక్కి పోయే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్, గేర్ ఆయిల్ కూడా ఇదే జాతి. పొరపాటున పడితే బండి కదపకుండా, లైన్లు కడిగి, హోసులతో సహా రబ్బరు మొత్తం మార్చుకోవాలి.

పై డబ్బా మట్టం గురించి కూడా ఇక్కడే. మట్టం కొద్దిగా దిగిందంటే లీకే అనుకోనక్కర్లేదు. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. పిస్టన్ అడ్డం 48 మి.మీ. అనుకుంటే, రెండు ప్యాడ్లూ చెరి 5 మి.మీ. అరిగేసరికి ఒక్కో చక్రానికి దాదాపు 18 మి.లీ., రెండు చక్రాలకి 36. మట్టం దిగిందని ప్రతిసారీ నింపుతూ పోతే, కొత్త ప్యాడ్లు వేసిన రోజు పిస్టన్లు వెనక్కి నెట్టగానే అదంతా మూతలోంచి పొంగి పెయింట్ మీద పడుతుంది. ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత సీసా తీయండి.

దశ 6: మళ్లీ ఘాట్

అంతే బరువుతో, రెండో గేర్లో దిగాం. తాకకుండా దూరం నుంచే వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ మీటరు ఒక స్నేహితుడిని అడిగి తెచ్చుకున్నాను. మెరిసే డిస్కు మీద అది తక్కువ చూపిస్తుంది కనుక, తుప్పు రంగులో ఉన్న క్యాలిపర్ ఒంటి మీదే చూశాను.

- కొండ మీద బయల్దేరే ముందు: 41 డిగ్రీలు
- అలిపిరిలో ఆపగానే: 112
- ఆపిన ఐదు నిమిషాలకి: 131
- ఇరవై నిమిషాలకి: 88

ఆపాక వేడి పెరగడం చూడండి. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది. ఆగగానే డిస్కులోని వేడి ప్యాడ్ల మీదుగా పిస్టన్‌కీ, ఆయిల్‌కీ ఎక్కుతుంది. అందుకే దిగగానే టోల్ దగ్గరో టీ కొట్టు దగ్గరో ఆగి, కాసేపటికి బయల్దేరినప్పుడు మొదటి బ్రేకు మెత్తగా తగులుతుంది. బయట 131 అంటే పిస్టన్ వెనక ఆయిల్ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. పాత ఆయిల్ మరిగింది 139 దగ్గర.

ఈసారి పెడల్ కొండ మీద ఎక్కడుందో అలిపిరిలోనూ అక్కడే ఉంది. ఐదు నిమిషాల కొలత తర్వాత తొక్కినా అంతే.

వానాకాలం పోయాక మళ్లీ ముంచి చూశాను: పై డబ్బా పచ్చ, కుడి ముందు క్యాలిపర్ పచ్చ. మూత లోపలి వైపు మార్చిన తేదీ, "డాట్ 4" అని మార్కర్‌తో రాసి ఉంది. ఇకపై పై డబ్బాలో కాకుండా క్యాలిపర్ నుంచి తీసిన చుక్క మీదే కొలత.

మిగిలిన పని: ముందు చక్రాల రబ్బరు హోసులు రెండూ వంచితే సన్నగా నెర్రెలు కనబడుతున్నాయి. తేమ ఆయిల్లోకి చేరే దారుల్లో హోసు గోడ ఒకటి. కొత్తవి చెప్పాను, వచ్చాక లైను మళ్లీ విప్పాలి కాబట్టి ఇంకో అర లీటరు సీసా సీలు తీయకుండా సిద్ధంగా పెట్టుకున్నాను. హోసుల ధర, పట్టిన ఆయిల్ లెక్క తర్వాతి దశలో రాస్తాను.